శనగగింజంత పేస్టు

ఈ వేసవిలో ఫణీంద్ర ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించడం మానేశారు. వంటంతా ఆయన భార్య సువర్చల లాప్‌టాప్ మీదే జరుగుతోంది.

పొద్దున్నే అత్తగారు సీతారత్నమ్మ కీబోర్డు మీద పెనం పెట్టి మినపట్లు పోస్తుంది. అవయ్యాక పప్పుకు ఎసరు పెడుతుంది. సువర్చల గిన్నె కింద నుంచి వేళ్ళు పోనిచ్చి టైపు చేసుకుంటూ, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఫోన్లు మాట్లాడుతుంటుంది. మాడు వాసన వస్తే అత్తగారు, "కాస్త నిదానంగా మాట్లాడమ్మాయ్, మంటెక్కువైపోతంది" అంటుంది.

సీతారత్నమ్మది ఒంటిచేతి వంట. ఎడమచేత్తోనే పిండి పోసి, తిప్పి, తీసి పెడుతుంది. ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా కొడుకు నెత్తి మీద ఉంది. పెళ్లినాటి నుంచీ అక్కడే ఉంది. ఫణీంద్ర దాన్ని టోపీలా పెట్టుకునే ఆఫీసుకు వెళ్తాడు, దాని చుట్టూనే తల దువ్వుకుంటాడు. ఎండదెబ్బ తగలదని మెచ్చుకునేవాళ్ళే గాని, బెజవాడలో ఇదేమిటని అడిగినవాళ్ళు లేరు. సువర్చల కూడా అడగలేదు. కొత్త కోడలు అడగకూడనివాటిలో అదొకటి అనుకుంది, ఆ తర్వాత కంటికి అలవాటైపోయింది.

ఈ ఇంటికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. నీళ్ళ సీసాలు ఫణీంద్ర వీపుకు ఆనించి పెడితే చల్లబడతాయి. పెరుగు పులవకుండా ఉండాలంటే గిన్నె ఆయన ఒళ్ళో పెట్టాలి. పక్కవాటా ఆవిడ తన మల్లెపూలు ఆయన చొక్కా జేబులో దాచుకుంటుంది, సాయంత్రం తీసుకుని వెళ్తూ, "ఇంత చల్లటి మనిషి దొరకడం నీ అదృష్టమే" అంటుంది. నిజమే, ఫణీంద్రకు కోపం రాదు. ఇల్లు కూలుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. అలాంటి మనిషితో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది, ఒళ్ళు ఎంత మండుతుందో.

సువర్చలది కూలర్లు అమ్మే ఒక కంపెనీకి ఇంటి నుంచి చేసే ఉద్యోగం. కొన్న కూలరు వేడిగాలి కొడుతోందని ఊళ్ళకు ఊళ్ళు ఫోన్ చేసి తిడతాయి. ఆమె తిట్టు పూర్తయ్యేదాకా విని, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అనాలి. అని, ఆ తిట్టును లాప్‌టాప్‌లో పడెయ్యాలి. కంపెనీ ఆ తిట్లను వెనక్కి తీసుకోదు. చీరాల తిట్లు, పాలకొల్లు తిట్లు, కంభం తిట్లు అన్నీ లోపల చేరి కలిసి ఉడుకుతుంటాయి.

ఈ ఇంట్లో ఏది కాలినా టూత్‌పేస్టు రాస్తారు. చెయ్యి కాలితే రాస్తారు. నాలుక కాలితే రాస్తారు. ఇస్త్రీపెట్టె అంటుకున్న చీరకు కూడా రాసి ఆరబెడతారు. లాప్‌టాప్ కాలిపోతోందని సువర్చల చెప్పిన రోజున ఫణీంద్ర స్క్రూడ్రైవర్ తెచ్చి, అడుగు మూత విప్పి, లోపల టూత్‌పేస్టు పూసి మూత బిగించాడు. "రాశాగా, తగ్గిపోద్దిలే" అన్నాడు. తగ్గలేదు. అప్పటి నుంచి అట్లు పిప్పర్‌మెంటు వాసన వేస్తున్నాయి.

సువర్చలకు కోపం వస్తే కూడా అదే వైద్యం. కిందటేడు కంపెనీ వాళ్ళు ఆమెను టీమ్ లీడర్‌ని చేద్దామని ఫోన్ చేశారు. అప్పుడామె స్నానాల గదిలో ఉంది. ఫణీంద్ర ఫోన్ తీసి, "మా ఆవిడకు అలాంటివి ఇష్టముండవండీ, ఇప్పుడున్నదే చాలు" అని చల్లగా చెప్పి పెట్టేశాడు. ఆ సంగతి సువర్చలకు దసరా వెళ్ళాక గాని తెలియలేదు. ఆ పోస్టులో చేరిన పిల్ల, "మీరు వద్దనబట్టే నాకొచ్చింది అక్కా" అని కృతజ్ఞతలు చెప్పడానికి ఫోన్ చేసింది. సువర్చల శుభాకాంక్షలు చెప్పింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆమె గొంతు తనంతట తనే మర్యాదగా మారిపోతుంది.

ఆ సాయంత్రం ఆమె భర్త ఎదురుగా నిలబడి, "నన్నడగకుండా" అని మొదలుపెట్టింది. ఫణీంద్ర లేచి వెళ్ళి వేలి మీద టూత్‌పేస్టు పిండుకుని వచ్చి ఆమె నాలుకకు రాశాడు. "కోపం మంచిది కాదు, చల్లబడు" అన్నాడు, ప్రేమగానే అన్నాడు. మాట నోట్లోనే గడ్డకట్టింది. ఉమ్మేస్తే తెల్లటి నురగ వచ్చింది గాని మాట రాలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు మొదలుపెట్టినా 'నన్నడగకుండా' దగ్గరే ఆగిపోతోంది. మిగతా వాక్యం ఇప్పుడామెలో లేదు. అది జారి లాప్‌టాప్‌లో పడింది. జనం తిట్లన్నిటికీ అడుగున ఎర్రగా కణకణలాడుతోంది. మూత మీద చెవి ఆనిస్తే వినిపిస్తుంది. ఏదో ఒకనాడు దాన్ని బయటికి తీసి భర్తతో అనాలని సువర్చల ఆశ. ఇంకే ఆశా లేనంత గట్టి ఆశ.

ఇవాళ మధ్యాహ్నం నరసరావుపేట నుంచి ఒకాయన తిడుతుండగా లాప్‌టాప్ ఆగిపోతుంది. ఆయన తిట్టు సగంలో తెగి గచ్చు మీద పడి, ఊడిన బల్లి తోకలా కొట్టుకుంటుంది. సీతారత్నమ్మ దాన్ని చీపురుతో వాకిట్లోకి నెట్టేసి, పెనం వంక చూసి, "అట్టు ఒకవైపే కాలింది" అంటుంది.

వెంటనే కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. మళ్ళీ ఒక్కసారి ఆగిందంటే లాప్‌టాప్ వెనక్కి తీసుకుని లోపలున్నదంతా తుడిచేస్తారట.

"అంతా అంటే?" అంటుంది సువర్చల.

"అంతా అంటే అంతానే మేడం. అందులో మీదెంత, కస్టమర్లదెంత అని మేం ఏరుతూ కూర్చోలేం."

సువర్చల తువ్వాలు తడిపి లాప్‌టాప్‌ను చుట్టి చంకన పెట్టుకుంటుంది. కొట్టుకెళ్ళి లోపలి వేడి లాగే అసలైన పేస్టు కొనుక్కొస్తానంటుంది. సోఫాలో సీసాల మధ్య కూర్చున్న ఫణీంద్ర తల తిప్పకుండా, "ఇంట్లో ఇంత టూత్‌పేస్టు పెట్టుకుని కొట్టుకెందుకు?" అంటాడు. నెత్తి మీది చెయ్యి ఆయన్ను రెండుసార్లు తట్టి బుజ్జగిస్తుంది. ఆయన కళ్ళు మూసుకుంటాడు.

కోపంతో నడిచేవాళ్ళకు ఏలూరు రోడ్డు సాగుతుంది. సువర్చల ఎంత విసురుగా అడుగేస్తే కంప్యూటర్ కొట్లుండే కాంప్లెక్సు అంత దూరం జరుగుతోంది. మజ్జిగ తాగుతూ తాపీగా పోయేవాళ్ళు ఆమెను దాటి, పని చూసుకుని తిరిగి వచ్చేస్తున్నారు. తువ్వాలు ఆరిపోయి గరుకెక్కింది. పక్కగా పోతున్న స్కూటర్ల మీద కొందరు మగవాళ్ళ హెల్మెట్ల అంచున గాజులు కనిపిస్తున్నాయి. ఆమె చూస్తుంది గాని నిలబడదు. అలసట వచ్చి కోపం కొంచెం సడలినప్పుడు మెట్లు కాళ్ళకు తగులుతాయి.

పై అంతస్తులో పానకాలరావు కొట్టు. లోపల ఏసీ ఎంత గట్టిగా వేశాడంటే అద్దాల మీద మంచు పేరుకుంది. పానకాలరావు స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని కూర్చున్నాడు. లాప్‌టాప్ అడుగు మూత విప్పి చూసి, లోపల సున్నం పెచ్చుల్లా లేచిన తెల్లటి పొరను గోటితో గీకి వాసన చూస్తాడు.

"ఇదెవరు రాశారమ్మా?"

"మా ఆయన."

"మంచి పని చేశారు. తెలివైన మనిషి."

"పని చెయ్యలేదు."

"మగవాళ్ళు చేసింది వెంటనే పని చెయ్యదమ్మా. ఓపిక పట్టాలి" అంటాడు. అని గోళ్ళు తుడుచుకుని, గల్లాపెట్టె వెనక నుంచి ట్యూబులు తీసి గాజు కౌంటర్ మీద వరసగా పెడతాడు. "వేడి చావదు. ఇక్కణ్ణుంచి తీస్తే ఇంకోచోటికి పోద్ది. పేస్టు దానికి దారి. ఎటు పంపాలో చెప్పండి, దాన్నిబట్టి ఇస్తా."

సువర్చల ఆ విషయం ఇంతకు ముందు ఆలోచించలేదు. తెల్ల ట్యూబు చూపిస్తుంది.

"అది వీధిలోకి పంపుద్ది. కిందటేడు ఒకాయన పట్టుకెళ్ళి రాశాడు. మా కాంప్లెక్సు ముందు తారు ఇంకా గట్టిపళ్ళా."

తమ వీధిలో పుచ్చకాయలు అమ్ముకునే మనిషి గుర్తొచ్చి ఆమె అది పక్కకు జరుపుతుంది. పసుపుపచ్చది తీస్తుంది. అది, తర్వాత ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ చెవిలోకి పంపుతుందట. సువర్చల దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుంటుంది. మనసు లాగింది, అబద్ధమెందుకు. కానీ పాలకొల్లు నుంచి ఒక ముసలామె రోజూ ఫోన్ చేస్తుంది. నోటికొచ్చినట్టు తిట్టి, ఆఖర్న "అన్నం తిన్నావా తల్లీ" అని అడుగుతుంది. ఇవాళ తర్వాతి ఫోన్ ఆమెదే కావచ్చు.

"ఇవన్నీ ఎందుకమ్మా, ఇది తీసుకెళ్ళండి" అని పానకాలరావు నల్ల ట్యూబు ముందుకు తోస్తాడు. "ఆడవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారు. మోసేవాళ్ళ ఒంట్లోకే పంపుద్ది. కడుపులో మంట, తలనొప్పి, మోకాళ్ళు, అంతే. బయటికేం తెలీదు. ఇల్లు ప్రశాంతంగా ఉంటది."

సువర్చల ఆ ట్యూబును గుర్తుపడుతుంది. వాళ్ళమ్మ మందుల డబ్బాలో ఎప్పుడూ ఉండేది. మోకాళ్ళ నొప్పులకు రాసుకుంటుందనుకుంది ఇన్నాళ్ళూ. నొప్పులు దాని వల్లే వచ్చాయని ఇప్పుడు తెలిసింది. ట్యూబును కౌంటర్ మీద బోర్లా పడేస్తుంది.

తను ఏం పంపాలో ముందు చూసుకోవాలి కదా అని ఆమె విప్పిన లాప్‌టాప్‌లోకి తొంగి చూస్తుంది. పైన జనం తిట్లున్నాయి, పల్చగా, మీగడలా. వాటి కింద తన వాక్యం ఎర్రగా ఉంది. దానికీ కింద ఇంకేదో దొంతరలు దొంతరలుగా ఉంది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన కోపాలు. ఒక్కటీ వాడినట్టు లేదు, మడత నలగలేదు. ఒకదాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫణీంద్ర తలనూనె వాసన వస్తుంది. అది ఆయన ఆఫీసులో మేనేజరు అందరి ముందూ కాగితాలు మొహాన కొట్టిన నాటి కోపం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫణీంద్ర హాయిగా కాకరకాయ వేపుడు తిన్నాడు. తనకే ఎందుకో ఒళ్ళంతా మంటెత్తి, ఒంటరిగా వెళ్ళి చేతులు పంపు కింద పెట్టుకుంది. ఇంకోటి తీస్తుంది. అది ఆయన తమ్ముడి మీది కోపం. ఇంకోటి వాళ్ళ నాన్న మీదిది, చాలా పాతది.

ఆయన చల్లటి మనిషేం కాదు. ఆయన పడాల్సిన మంటంతా ఈమె పడి, టైపు చేసే వేళ్ళలోంచి ఇందులోకి దించుతూ వచ్చింది. ఊరంతా ఆయన్ను మెచ్చుకుని ఈమెను చూసి, "నీకు కొంచెం కోపమెక్కువ" అంటూ వచ్చింది. సువర్చలకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నిజంగానే నెత్తికెక్కుతుంది. నడినెత్తిన చురుక్కుమంటే చెయ్యి పెట్టి చూసుకుంటుంది. వేళ్ళకు జిగురుగా, తడిగా తగులుతుంది. పెళ్లిలో ఫణీంద్ర పెట్టిన జీలకర్ర బెల్లం. ఇన్నేళ్ళుగా తలంటుకుంటున్నా పోలేదు, ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ ముహూర్తం ఆమెకిప్పుడు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. తెర దించారు. ఫణీంద్ర తమలపాకులో ముద్ద పట్టుకుని ఆమె మాడు మీద గట్టిగా అదిమాడు. తర్వాత ఆమె వంతు. ఆమె చెయ్యి చాపింది. అప్పుడు పక్కనే ఉన్న సీతారత్నమ్మ, "బెల్లం నీరు దిగితే వాడికి జలుబు చేస్తదమ్మా" అంటూ కొడుకు నెత్తి మీద తన అరచెయ్యి బోర్లించింది. సువర్చల ఆకును ఆ చేతి వెనకవైపు అదిమింది. బాజాలు మోగాయి. అక్షింతలు పడ్డాయి. వీడియో అతను బాగా వచ్చిందన్నాడు. ఆయన నుంచి ఆమెకు దారి పడింది. ఆమె నుంచి ఆయనకు పడలేదు. మధ్యలో చెయ్యి ఉంది.

గల్లాపెట్టె వెనక, పేరు లేని బూడిదరంగు ట్యూబు ఒకటి మిగిలి ఉంది. సువర్చల దాన్ని చూపిస్తుంది.

"అదెటు పంపుతుంది?"

"అది మీకెందుకమ్మా."

"ఎటు పంపుతుంది?"

పానకాలరావు స్వెట్టరు గుండీలు సర్దుకుంటాడు. "ఎవరిది వాళ్ళకు."

"అదివ్వండి."

"ఆడవాళ్ళకివ్వనమ్మా అది. మీ వారిని పంపండి, ఏది వాడాలో ఎట్టా రాయాలో ఆయనకు వివరంగా చెప్తాను."

సువర్చల అరవదు. అరిచే అలవాటును ఉద్యోగం ఎప్పుడో తీసేసింది. లాప్‌టాప్‌కు అడుగున వేసిన తువ్వాలు లాగి, మడతపెట్టి భుజాన వేసుకుని, విప్పిన లాప్‌టాప్‌ను గాజు కౌంటర్ మీద పెడుతుంది. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడుతుంది. అద్దాల మీది మంచు నీరవుతుంది. కౌంటర్ గాజు మెత్తబడి మధ్యలో కిందికి జారుతుంది, లేత పాకంలా. నల్ల ట్యూబులు ఒకదాని తర్వాత ఒకటి చిట్లి కారతాయి. ఏసీ ఒకసారి మూలిగి ఆగిపోతుంది.

పానకాలరావు చెమటలు పట్టి స్వెట్టరు విప్పుతాడు. ఇంకా ఆగలేక మంకీ క్యాప్ కూడా లాగేస్తాడు. ఆయన నెత్తి మీద ఒక ముసలి చెయ్యి ఉంది. నరాలు తేలి, మణికట్టుకు ఆకుపచ్చ గాజులతో, ఎండిన గోరింటాకు రంగులో. అది ఆయన్ను భయపడొద్దన్నట్టు తడుతోంది.

"మా అమ్మ" అంటాడు సిగ్గుపడుతూ. "పోయి చాలా కాలమైంది. చెయ్యి మాత్రం ఉంచి పోయింది."

ఆయన బూడిదరంగు ట్యూబు తీసి ఆమె అరచేతిలో పెడతాడు. చెప్పాల్సింది నేల చూపులతో గబగబా చెప్పేస్తాడు. "పాతది శుభ్రంగా తుడవాలి. శనగగింజంత చాలు, ఎక్కువైతే చెవుల్లోకి కారుద్ది. గాలి చొరకుండా అదమాలి. చెయ్యి తీశారంటే మళ్ళీ మొదటికొస్తది. మీ వారికి తెలీకుండా రాస్తే మాత్రం గ్యారంటీ లేదు."

"తెలిసేటట్టే రాస్తాను" అంటుంది సువర్చల.

తిరుగుదారిలో రోడ్డు సాగదు. కోపం అంతే ఉంది, ఇంకొంచెం ఎక్కువే ఉంది, కానీ ఎటు పోవాలో దానికి తెలుసు. నాలుగడుగుల్లో ఇల్లొస్తుంది.

ఫణీంద్ర ఎక్కడివాడక్కడే ఉన్నాడు. వీపు వెనక నీళ్ళ సీసాలు, ఒళ్ళో పెరుగు గిన్నె, జేబులో పక్కింటి మల్లెపూలు. "దొరికిందా?" అంటాడు.

"దొరికింది. కదలకండి."

ఆమె లాప్‌టాప్‌ను ఆయన పక్కన పెట్టి, వెనక్కి వెళ్ళి, నెత్తి మీది చేతిని పట్టుకుంటుంది. అది వదలదు. బొటనవేలు నుంచి ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వస్తుంది, చంటిపిల్ల గుప్పిట్లోంచి మెళ్ళో గొలుసు విడిపించుకున్నట్టు. వంటింట్లో గరిట కిందపడిన చప్పుడవుతుంది. సీతారత్నమ్మ గుమ్మంలోకి వస్తుంది.

"అది తియ్యమాకమ్మాయ్. వాడికి జలుబు చేస్తది."

"చెయ్యనివ్వండి అత్తయ్యా" అని సువర్చల ఆ చేతిని ఆమెకు అందిస్తుంది. "ఇది మీది. పెళ్లిలో మర్చిపోయారు."

సీతారత్నమ్మ దాన్ని మణికట్టుకు తగిలించుకుని, రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటుంది. ఎడమది ముడతలు పడి, గోళ్ళు అరిగి, కాలిన మచ్చలతో ఉంది. కుడిది పెళ్లినాడు ఉన్నట్టే నున్నగా ఉంది, పసుపు కూడా పోలేదు. వెనకవైపు జీలకర్ర బెల్లం ముద్ద ఎండి అంటుకుని ఉంది. ఆమె దాన్ని అట్లా చూస్తూ గుమ్మంలోనే కూర్చుంటుంది.

ఫణీంద్ర నడినెత్తి వెంట్రుక లేకుండా తెల్లగా, అరచెయ్యంత మేర మెత్తగా ఉంది. పసిపిల్లల మాడులా కొట్టుకుంటోంది. దాని మీద టూత్‌పేస్టు పొరలు పొరలుగా ఎండి ఉంది. చిన్నప్పుడెప్పుడో రాయడం మొదలుపెట్టి ఉంటారు. సువర్చల చీర చెంగుతో గట్టిగా తుడుస్తుంది. ఆయన, "చలేస్తంది" అంటాడు. ఆమెకు జాలేస్తుంది. జాలేసినందుకు తన మీద తనకే ఒళ్ళుమండి ఇంకొంచెం గట్టిగా తుడుస్తుంది.

శనగగింజంత బూడిదరంగు పేస్టు పిండుతుంది. ఎడమచెయ్యి విప్పిన లాప్‌టాప్ లోపల పెట్టి, కుడి అరచెయ్యి ఆయన నెత్తి మీద గాలి చొరకుండా అదుముతుంది. పక్కవాటాలో కుక్కరు కూత వేస్తుంది. బాజాల బదులు అది చాలు.

మొదట జనం తిట్లు వెళ్తాయి. అవి ఫణీంద్ర నోట్లోంచి చీరాల గొంతుతో, కంభం గొంతుతో, ఆడగొంతుతో, మగగొంతుతో వస్తాయి. "ఇదేం కూలరయ్యా, దీని దుంపతెగ. పిల్లలు ఉడికిపోతున్నారిక్కడ." "మీ ఇంట్లో పెట్టుకుని పడుకోండి దీన్ని." ఆయన తన నోటిని తనే చేత్తో మూసుకుంటాడు, వేళ్ళ సందుల్లోంచి కూడా వస్తూనే ఉంటాయి. ఆఖర్న, "అన్నం తిన్నావా తల్లీ" అని వచ్చి ఆగిపోతుంది.

తర్వాత ఇస్త్రీ మడతలు. ఒక్కొక్కటి విచ్చుకుంటూ పోతుంటే ఆయన మెడ ఎర్రబడుతుంది, చెవులు ఎర్రబడతాయి. మేనేజరు కాగితాల మడత విచ్చుకున్నప్పుడు సోఫా చేతిని దబ్బున గుద్దుతాడు. గుద్దింది తన చెయ్యేనా అని తిప్పి చూసుకుంటాడు. వాళ్ళ నాన్న మడత దగ్గర ఏడుస్తాడు. వీపు వెనక సీసాలు మరిగి మూతలు ఎగిరిపోతాయి. ఒళ్ళో పెరుగు విరిగిపోతుంది. మల్లెపూలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుంటాయి.

అప్పుడు అడుగునున్న ఎర్రటి వాక్యం కదులుతుంది. అది సువర్చల ఎడమచేతిలోంచి భుజానికి, భుజం నుంచి గొంతులోకి ఎక్కుతుంది. దారిలో నాలుక తగులుతుంది. పిప్పర్‌మెంటు చలువ లేదు.

"నన్నడగకుండా వద్దని చెప్పడానికి నువ్వెవరు?"

వాక్యం మొత్తం వచ్చింది. ఒక్క అక్షరం తరగలేదు. ఆమె గొంతు అది, హెడ్‌సెట్ గొంతు కాదు. అది చేతిలోంచి దిగి ఆయన నెత్తిలోకి ఇంకిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఫణీంద్ర చూపు అలవాటు కొద్దీ అలమారలోని టూత్‌పేస్టు వైపు పోతుంది. అది కరిగి గోడ వెంట కారుతోంది. "ఇప్పుడు కోప్పడితే ఏం" అని మొదలుపెడతాడు, నాలుక కాలి ఆగిపోతాడు. సువర్చల తొందరపెట్టదు. ఇన్నాళ్ళు ఆగిన మనిషి.

"భయమేసింది" అంటాడు ఆయన చివరికి. "నువ్వు అటు వెళ్ళిపోతే, ఇక్కడ నావన్నీ ఎవరు పట్టుకుంటారని."

"నీ మంట నా ఒంట్లో ఉందని తెలుసన్నమాట."

"తెలుసు."

ఆ మాట ఆమె ఊహించలేదు. తెలియక చేశాడనుకుంటే ఎక్కడో ఒకచోట క్షమించేదేమో. చెయ్యి ఇంకా గట్టిగా అదుముతుంది.

"కాలిపోతంది సువర్చలా."

"టూత్‌పేస్టు రాయనా?" అంటుంది.

లాప్‌టాప్ చల్లబడుతుంది. తెర వెలుగుతుంది. ఆమె మోచేత్తో మూత సర్దుతుండగానే ఫోన్ వస్తుంది. నరసరావుపేట ఆయన. వాకిట్లో పడున్న సగం తిట్టు గుమ్మం దాటి గచ్చు మీద పాకుతూ వచ్చి ఆయన గొంతుకు అతుక్కుంటుంది, ఆయన ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెడతాడు. సువర్చల చివరిదాకా వింటుంది. చింతిస్తున్నామని అనదు.

"మీకు కోపం రావడం న్యాయమేనండీ. ఆ కూలర్లు అమ్మమన్నది పైన కూర్చున్నవాళ్ళు. వాళ్ళ నంబరు చెప్తాను, వాళ్ళకు చెయ్యండి" అంటుంది. చెప్పి, అదే నంబరుకు తర్వాత తను కూడా చెయ్యాలనుకుంటుంది. కిందటేడు తన ఫోన్‌లో ఆ జవాబు చెప్పింది తను కాదని వాళ్ళకు తెలియాలి.

చెయ్యి తీస్తే మళ్ళీ మొదటికొస్తుందని పానకాలరావు అన్నాడు. తన చెయ్యి ఇంకొకరి నెత్తి మీద వదిలేసి ఒంటిచేత్తో బతికే ఉద్దేశం సువర్చలకు లేదు. ఫణీంద్ర కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి, తన అరచెయ్యి లాగేసుకునే లోపలే ఆయన నెత్తిన ఆయన చెయ్యే పెడుతుంది.

"ఇక నువ్వే అదుముకో. తియ్యకు."

ఆయన అదుముకుని కూర్చుంటాడు. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. మొదటిసారి ఉప్పూ కారం తినే మనిషిలా ఉన్నాడు. సువర్చల కోపం తగ్గలేదు. తగ్గాలని ఆమె అనుకోవడమూ లేదు, ఎందుకంటే అది పూర్తిగా ఆమెది, ఇంకెవరిదీ అందులో కలవలేదు.

సీతారత్నమ్మ గుమ్మంలోంచి లేస్తుంది. ఒకవైపే కాలిన అట్టు గుర్తొచ్చి, పెనం తెచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూస్తుంది. చల్లగా ఉంది. కోడలి వైపు చూస్తుంది. తర్వాత పెనాన్ని రెండు చేతులా ఎత్తి, కొడుకు నెత్తి మీది చేతి మీద సమంగా నిలబెట్టి, గరిటెడు పిండి పోస్తుంది. పిండి చుయ్యిమంటుంది.

"కదలమాకరా" అంటుంది కొడుకుతో.

తొలి అట్టు కోడలి కంచంలో వేస్తుంది. దాని నడుమ ఐదు వేళ్ళ అచ్చు ఎర్రగా కాలి ఉంది. సువర్చల బొటనవేలు వైపు నుంచి తుంచుకుని తింటుంది. పిప్పర్‌మెంటు వాసన లేదు. మినుముల వాసన వస్తోంది.

కిటికీ బయట గాజులు గలగలమంటాయి. ఆకుపచ్చ గాజుల ముసలి చెయ్యి ఒకటి ఎగురుకుంటూ వచ్చి కరెంటు తీగ మీద వాలుతుంది. మధ్యాహ్నం పానకాలరావు కొట్లో వేడికి ఊడినట్టుంది. దాని వెనకే ఇంకొకటి, ఉంగరాలది. ఇంకొకటి, పచ్చబొట్టుది. వీధి పొడుగునా హెల్మెట్ల కింద నుంచి, టోపీల కింద నుంచి చేతులు లేచి వచ్చి తీగ మీద వరసగా కూర్చుంటున్నాయి. ఎండకు వేళ్ళు చాపుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి. తీగ బరువుకు కిందికి వంగుతోంది.

దాని కింద మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, తెల్లటి నడినెత్తులు తడుముకుంటున్నారు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే పెనాలూ పిండిగిన్నెలూ పట్టుకుని గుమ్మాల్లోకి వస్తున్నారు.